మొదటి ఆప్షన్

లేటరల్ ఎంట్రీ అంటే ఏమిటో మా నాన్నకి చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. పాలిటెక్నిక్‌లో మూడేళ్ల డిప్లొమా చేసినవాళ్లు ఒక ప్రవేశ పరీక్ష రాస్తే, మొదటి సంవత్సరం వదిలేసి ఇంజనీరింగ్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరొచ్చు. అంతే.

"అంటే దొడ్డిదారా?" అన్నాడు.

"దొడ్డిదారి కాదు నాన్నా. పరీక్ష రాసే ఎళ్లాలి."

"మరయితే ముందునుంచే ఎల్లొచ్చు కదరా."

నాన్న గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పనిచేస్తాడు. నేను మెకానికల్ డిప్లొమా చేశాను. అది చేతికొచ్చాక నా ముందు మూడు దారులున్నాయి. ఒకటి, నాన్న మాట్లాడతానన్న చోట అప్రెంటిస్‌గా చేరడం. రెండు, ఏదో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ మెకానికల్ సీట్లకు కొదవ లేదు, అందరూ కంప్యూటర్ల వైపు పోతున్నారు. మూడు, విజయనగరంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయ కళాశాల. అక్కడ డిప్లొమావాళ్లకి ఇచ్చే మెకానికల్ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలోనే కేటగిరీలవారీగా పంపకాలు.

నాకు కావలసింది మూడోది. పాలిటెక్నిక్ ఆఖరి ఏడాదిలో మమ్మల్ని ఒకసారి అక్కడి ల్యాబులు చూడటానికి తీసుకెళ్లారు. ఒక యంత్రంలో ఇనప కడ్డీని రెండు చివరలా బిగించి లాగుతారు. కడ్డీ మధ్యలో సన్నబడి, నడుము చిక్కి, ఒక్కసారిగా టప్పున తెగుతుంది. మా దగ్గర ఆ ప్రయోగానికి బొమ్మ గీసి, సీనియర్ల రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకున్నాం. అక్కడ కడ్డీ నిజంగా తెగింది. ఆ చప్పుడు విన్నాక నాకు వేరే కాలేజీ కంటికి ఆనలేదు. కారణం ఇంత చిన్నదని ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లకి ఉద్యోగాలు బాగా వస్తాయని చెప్పాను.

ర్యాంకు మంచిదే వచ్చింది. కానీ గట్టు మీద నిలబెట్టే ర్యాంకు. గతేడాది ఆ కాలేజీలో నా కేటగిరీలో ఆఖరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో వెతికి చూశాను. నాది దానికి కొంచెం అవతల ఉంది. ఆ కొంచెం ఈ ఏడాది ఇవతలికి రావచ్చు, రాకపోవచ్చు.

సీట్లు ఎలా ఇస్తారో మా ఇంట్లో చింతపిక్కలతో చూపించాను. అమ్మ వసారాలో చింతపండు గింజ తీస్తోంది. పిక్కల్ని వరసగా పేర్చాను, అవి ర్యాంకులు. నాలుగు సీసా మూతలు పెట్టాను, అవి కాలేజీలు. కంప్యూటర్ మొదటి పిక్కతో మొదలుపెడుతుంది. ఆ మనిషి ఇచ్చిన వరసలో మొదటి కాలేజీ చూస్తుంది. సీటుంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది చూస్తుంది. అలా కిందికి వెళ్తుంది. తర్వాత రెండో పిక్క. మన వంతు వచ్చేసరికి మన మొదటి ఆప్షన్ నిండిపోయి ఉంటే మనకి వచ్చే నష్టమేమీ లేదు, రెండోదాని దగ్గరికి పోతుంది. అందుకని ఆశపడ్డది పైన పెట్టాలి, దొరికేది కింద పెట్టాలి. తిరగేసి పెడితే దొరికేదే దొరుకుతుంది, ఆశపడ్డది ఖాళీగా ఉన్నా రాదు.

నాన్న అంతా శ్రద్ధగా విన్నాడు. విని, "పైనెట్టింది దొరక్కపోతే కిందున్నోడికి కోపమొచ్చీదేటిరా?" అన్నాడు.

"ఎవరికి?"

"ఆ కాలేజీవోడికి. పక్కూర్లో పిల్లనడిగి, ఆల్లివ్వకపోతే మనింటికొచ్చినారంటే మనమిస్తామేటి?"

మా ఊళ్లో చాలామంది తండ్రులు ఇలాగే అనుకుంటారని తర్వాత తెలిసింది. కాలేజీని వియ్యంకుడిలా చూస్తారు. అందుకే తనకంటే ముందు ఇంకొకరిని అడిగామని ఆయనకి తెలియకూడదని, దొరికే కాలేజీనే పైన పెట్టించి, మంచి ర్యాంకుల్ని కూడా దానికే కట్టేస్తారు.

"కంప్యూటర్‌కి కోపం రాదు నాన్నా" అన్నాను.

ఆ మాట నిజమే. కానీ మా విషయంలో కిందున్న కాలేజీ పూర్తిగా కంప్యూటర్ కాదు.

మా అక్కని మేం అప్ప అంటాం. అప్పని అరసవల్లిలో ఇచ్చారు. బావ, శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్లే హైవే పక్కన ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పీఆర్వో. పేరు పెద్దదే. పని మాత్రం వేసవిలో ర్యాంకులొచ్చిన పిల్లల ఇళ్లకి తిరిగి, తల్లిదండ్రుల్ని ఒప్పించి, పిల్లల్ని తన కాలేజీలో చేర్పించడం. మనిషి చలాకీ. ఏ ఇంట్లోకి వెళ్లినా ముందు మంచినీళ్లడిగి తాగుతాడు. నీళ్లిచ్చిన ఇల్లు మాట వినకుండా పంపదని అంటాడు.

నా కౌన్సెలింగ్ రిజిస్ట్రేషన్ బావే చేశాడు. ఒకరోజు మా ఇంటికొచ్చి, నులక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, నా హాల్‌టికెట్ అడిగి తీసుకుని గబగబా నింపేశాడు. అప్పుడు నా ఫోను రిపేరు షాపులో ఉంది. నాన్న ఫోను ప్లాంటు గేటు దగ్గర ఇచ్చి లోపలికి వెళ్లాలి. బావ అలవాటు ప్రకారం తన నంబరే ఎక్కించాడు. తను చేర్పించే పిల్లలందరికీ అలాగే ఎక్కిస్తాడు, మెసేజీలు తప్పిపోకుండా. అమ్మ ఆయనకి కోడిగుడ్డు పులుసు చేస్తోంది. ఇంటికొచ్చిన అల్లుడు మనకోసం కష్టపడుతుంటే "ఎవరి నంబరు ఇచ్చావు బావా?" అని అడగడం మా ఇళ్లలో ఉండదు. నేనూ అడగలేదు.

ఆప్షన్ల దగ్గర మాత్రం ఆగాడు.

"మావా, ఫస్టు మాదెట్టీనా?"

"ఎట్టీండి బాబూ" అన్నాడు నాన్న.

"యూనివర్సిటీ ముందు పెట్టు బావా. మీది రెండోది" అన్నాను.

బావ నవ్వాడు. "ఒరే బామ్మర్దీ, ఒస్తే ఎల్రా, నానొద్దన్నానా? మీ అప్పనిచ్చినారు, నువ్వూ కావాలంటే మరీ ఆశ కదా." అప్పటికప్పుడు మార్చాడు. ఆయన ఫోనుకి ఓటీపీ వచ్చింది. కొట్టాడు, సేవ్ చేశాడు. అంతా రెండు నిమిషాల పని.

మొదటి విడతలో బావ కాలేజీ వచ్చింది. యూనివర్సిటీ సీటు నాకంటే ముందున్న ర్యాంకు దగ్గర ఆగిపోయింది. వచ్చిన సీటు ఒప్పుకోకపోతే అదీ పోతుంది. బావ బండి మీద తీసుకెళ్లి చేర్పించాడు. ఆఫీసులో ఒకాయన నా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకుని, ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టి, బీరువాలో వేశాడు. చూసి తిరిగిచ్చేయాలని నియమం ఉంది. నేను అది చెబుదామనుకునేలోపు బావ, "బద్రంగా ఉంటాయిరా, ఇంట్లో ఉంటే ఎలకలు కొడతాయి" అన్నాడు. ఆఫీసాయన కూడా నవ్వాడు.

తర్వాత తుది విడత ప్రకటించారు. మొదటి విడతలో సీటొచ్చి చేరనివాళ్లవి, వేరే చోటికి పోయినవాళ్లవి మళ్లీ పంచుతారు. దాని నియమం నేను చాలాసార్లు చదివాను. ఇప్పటికే సీటున్నవాడు కొత్త ఆప్షన్ పెట్టి, అది వస్తే, పాత సీటు దానంతటదే రద్దవుతుంది. అడిగినా తిరిగిరాదు. రాకపోతే పాత సీటు అలాగే ఉంటుంది. అంటే నేను యూనివర్సిటీ ఒక్కటే పెడితే పోయేదేమీ లేదు. లెక్క ప్రకారం ఇంతకంటే సురక్షితమైన పందెం ఉండదు.

ఫోను బాగై వచ్చింది. ఆదివారం పొద్దున్న, అదే ఆఖరి రోజు, మా ఇంట్లో కూర్చుని లాగిన్ అయ్యాను. ఒకే ఒక్క ఆప్షన్ పెట్టి సేవ్ నొక్కాను. ఓటీపీ పంపామని తెర మీద వచ్చింది. నంబరులో చివరి అంకెలు మాత్రమే చూపించారు. అవి బావవి.

నంబరు మార్చుకునే వీలుందని నాకు తెలుసు. దానికి హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లాలి. వెళ్లాను కూడా, ఆ ముందురోజుల్లో. నంబరు మార్చాలంటే ఒరిజినల్స్ చూపించాలన్నారు. ఒరిజినల్స్ కాలేజీ బీరువాలో ఉన్నాయి. బీరువా తెరవాలంటే బావని అడగాలి. బావని అడగకుండా ఉండటానికే నేను నంబరు మార్చాలనుకున్నాను. కాగితం మీద గీసుకుంటే ఇది గుండ్రంగా వచ్చింది, ఎక్కడా బయటికి బాణం లేదు. ఆదివారం పొద్దున్న ఎందుకు సేవ్ నొక్కానో నాకే తెలియదు. బహుశా ఓటీపీ నా ఫోనుకే వస్తుందని, ఏదో పొరపాటు నాకు కలిసొస్తుందని.

కాసేపటికే అప్ప ఫోన్ చేసింది. "మీ బావ ఒకపాలి రమ్మంతన్నాడు. బోయినానికి ఒచ్చీ."

అరసవల్లిలో ఆదివారం అంటే సూర్యదేవుడి గుడి దగ్గర నుంచి మెయిన్ రోడ్డు దాకా ఆటోలే. నేనెక్కిన ఆటో కదలక, దిగి నడిచాను. బావ లుంగీలో కుర్చీలో కూర్చున్నాడు. ఫోను ముందున్న స్టూలు మీద ఉంది, తెర పైకి. అప్ప వంటింట్లోంచి తొంగిచూసి లోపలికి వెళ్లింది.

"కూకో" అన్నాడు బావ. "పొద్దున్న నీదేదో ఓటీపీ ఒచ్చింది నాకు. ఏటది?"

"తుది విడత బావా. యూనివర్సిటీ ఒక్కటే పెట్టాను."

"ఒక్కటే."

"రాకపోతే మీదే ఉంటాది."

"ఉంటాది, ఉంటాది. మాదెక్కడికెల్తాది." కొంచెం సేపు వీధిలో ఆటోల హారన్లు విన్నాడు. "నీకేటి తక్కువ సేసేనురా అక్కడ? ఫీజు కోసం ఎవుడైనా నిన్నడిగేడా? బస్సులో ముందు సీటిప్పించేను."

"అది కాదు బావా."

"మరేటి?"

కడ్డీ తెగిన చప్పుడు గురించి ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. "ల్యాబులు బాగుంటాయి" అన్నాను.

"ల్యాబులా? మాకూ ఉన్నాయి."

"గుడ్డ కప్పి ఉన్నాయి."

లోపల్నుంచి అప్ప నవ్వు వినిపించి, వెంటనే ఆగిపోయింది. బావ కూడా నవ్వబోయి మానేశాడు.

"నువ్వెళ్లిపోతే మెకానికల్ మూసెయ్యరు" అన్నాడు. "నా ఉద్యోగమూ పోదు. అవేవీ నాను సెప్పనులే. కానీ ఒక్క మాటిను. నానెవుడింటికెళ్లినా నా నోట్లోంచి ముందొచ్చే మాటేటి? మా సొంత బామ్మర్దిని మా కాలేజీలోనే ఏసుకున్నాను, ఇంకేటి గావాల మీకు? అదీ నా మాట. దాంతోనే ఆల్లు సర్టిఫికెట్లిస్తారు. ఇప్పుడు నువ్వెళ్లిపోతే, ఆ మాట నానే నోటితో అనేది?"

దీనికి జవాబు ఆలోచించాను. నియమాల్లో లేదు. కంప్యూటర్‌కి కోపం రాదని నాన్నకి చెప్పినప్పుడు నాకు తెలిసిందంతా చింతపిక్కలూ సీసా మూతలూ. మూతకి నోరుంటుందని, అది ఇంటింటికీ వెళ్లి నా గురించి చెప్పుకుంటుందని లెక్కలోకి రాలేదు.

అప్ప కొంగుతో చేయి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆ ఓటీపీ ఆడికి ఇచ్చీ" అంది. "ఆడు సదువుకున్నోడు, ఆడి సీటు ఆడు సూసుకుంతన్నాడు. మద్దిలో నీ మాటేటి?"

"నీకేటి తెలుస్తాదే."

"నాకు తెల్దు. అన్నం సల్లారిపోతంది, అది తెలుసు."

బావ స్టూలు మీది ఫోను తీసుకున్నాడు. "మల్లీ నొక్కరా. పొద్దుటిది పనిసెయ్యదు."

నేను నా ఫోనులో మళ్లీ సేవ్ నొక్కాను. ఓటీపీ పంపామని వచ్చింది. బావ ఫోను మోగలేదు. ఆదివారాలు గుడికొచ్చే జనంతో అక్కడ సిగ్నలు సరిగా ఉండదు. ఇద్దరం తలలు దగ్గరగా పెట్టుకుని ఆయన ఫోనునే చూస్తూ కూర్చున్నాం. అది రావాలని నేను, రాకూడదని ఆయన. గడువు దాటిపోయి మళ్లీ నొక్కాను. ఈసారి బావ లేచి, కిటికీ దగ్గరికెళ్లి, ఫోను చువ్వల బయటకి పెట్టాడు. టింగుమంది.

అంకెలు ఒక్కొక్కటే చదివాడు. తప్పు చదువుతాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ క్షణాన్ని ఆయన కూడా గమనించాడు. "ఇదిగో, సూసుకో" అని ఫోను నా ముఖం ముందు పెట్టాడు. సరిగ్గానే చదివాడు.

సేవ్ అయింది.

"తినీ" అన్నాడు.

బంగాళాదుంప వేపుడు, చేపల పులుసు. అన్నం నిజంగానే చల్లారిపోయింది. బావ ప్లాంటు గురించీ నాన్న నడుము నొప్పి గురించీ మామూలుగానే అడిగాడు. నేను వెళ్తుంటే మాత్రం బండి తీయలేదు. ఎప్పుడూ బస్టాండు దాకా దింపుతాడు.

ఫలితాలు వచ్చిన రోజు నేను ప్లాంటు గేటు బయట టీ కొట్టు దగ్గర నాన్న కోసం ఎదురుచూస్తున్నాను. ఫోనులో చూసుకున్నాను. మీ మునుపటి సీటులో మార్పు లేదని ఉంది. యూనివర్సిటీలో ఖాళీ పడిన సీటు ఉంది, నా ముందున్న వాళ్లలో ఎవరో తీసుకున్నారు. మొదటి విడతలో ఎంత దూరంలో ఆగానో దాదాపు అంతే దూరంలో మళ్లీ ఆగాను. నాన్న బయటికొచ్చి గేటు దగ్గర తన ఫోను తీసుకుని, "ఏటయింది?" అన్నాడు. చెప్పాను. "కోపమొచ్చిందేమో లేరా" అన్నాడు. ఏ కాలేజీకని నేను అడగలేదు.

ఆ తర్వాత ఎవరినీ నిందించడానికి లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బావ ఓటీపీ ఇవ్వకపోయి ఉంటే, నాకు వచ్చేదేమో అని జీవితాంతం అనుకుంటూ ఉండొచ్చు. ఆయన ఇచ్చాడు. నేను అడిగాను, ఆయన ఇచ్చాడు, రాలేదు. అన్ని గడులూ సరిగ్గా నిండాయి. వెళ్లాలనుకున్నానని ఆయనకి తెలిసింది, ఆయనకి తెలిసిందని నాకు తెలుసు. సోమవారం నుంచి ఆయన ముందు సీటు పట్టి ఉంచిన బస్సులో నేను కాలేజీకి వెళ్లాను.

బావ దాని గురించి మళ్లీ ఎత్తలేదు. క్యాంటీన్లో నా ముందే ఎవరితోనైనా "మా బామ్మర్ది" అని చెప్పడం మాత్రం మానేశాడు. నేను అది గమనిస్తున్నానని ఆయనకి తెలుసో లేదో.

మరుసటి వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఖాళీయేనా? నరసన్నపేట ఎల్దాం, రా." ఎందుకని అడగలేదు. బండి వెనక కూర్చున్నాను.

ఊరి చివర ఒక రైతు ఇల్లు. ఎలక్ట్రికల్ డిప్లొమా చేసిన అమ్మాయి, ఆమె తల్లి. బావ ముందు మంచినీళ్లడిగాడు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. బస్సులు, హాస్టలు, ఉద్యోగాలు, అన్నీ చెప్పాడు. తర్వాత నా వైపు చూపించి ఆగాడు. ఆ పాత మాట అనబోయి ఆగాడని నాకు అర్థమైంది.

"మా బామ్మర్ది" అన్నాడు మెల్లగా. "మా దగ్గరే సదువుతన్నాడు."

ఆ అమ్మాయి నన్ను సూటిగా అడిగింది. "మీరు ఫస్ట్ ఆప్షన్ ఏది పెట్టారన్నయ్యా?"

వాళ్లమ్మ నన్ను చూసింది. బావ నీళ్ల గ్లాసులోకి చూశాడు. అబద్ధం చెప్పడానికి వీలైనంత సమయమే ఉంది. నేను నిజం చెప్పాను. విజయనగరం యూనివర్సిటీ అని. రెండు విడతల్లోనూ అదేనని. రాలేదని.

పెరట్లో ఎవరో కట్టెలు కొడుతున్నారు.

బావ గ్లాసు కింద పెట్టాడు. పెట్టి, ఒక్కసారిగా ముఖం వెలిగించుకుని, "ఇన్నారామ్మా?" అన్నాడు. "నా సొంత బామ్మర్ది. ఆడే మాది రెండోదెట్టమన్నాడు. నా సేత్తో నానే ఎట్టేను. ఓటీపీ కూడా నానే సదివి ఇచ్చేను, కావాలంటే అడగండి. నీకూ అంతే సెప్తన్నాను తల్లీ. ముందు యూనివర్సిటీ ఎట్టుకో. ఒస్తే ఎల్లిపో, దండం. రాకపోతే మా దగ్గరికి రా. మాకు కోపముండదు."

తల్లి నన్ను చూసి, "నిజమేనా బాబూ?" అంది.

ఒక్కొక్క మాటా సరిచూసుకున్నాను. ఏదీ తప్పు కాదు. "నిజమేనండి" అన్నాను.

ఆమె ముఖంలో భయం పోయింది. లోపలికెళ్లి అమ్మాయి హాల్‌టికెట్ తెచ్చి బావ చేతికిచ్చింది.

తిరిగొస్తుంటే హైవే మీద బావ చాలా హుషారుగా ఉన్నాడు. గాలిలో తల వెనక్కి తిప్పి, "ఒరే, భలే సెప్పేవురా" అని అరిచాడు. "ఆదోరం పలాస సైడు ఇంకో రెండిల్లున్నాయి. ఒస్తావు కదా?"

లారీల రొదలో నేనేదో అన్నాను. ఒస్తానన్నానని అనుకుని ఆయన గేరు మార్చాడు. ఆ ఆదివారం ఆరింటికల్లా మా వీధి చివర హారన్ కొట్టాడు. చొక్కా వేసుకుని వెళ్లాను.